కొత్త టీచరు మొదటి ఏడాది: ఎక్కడ తడబడతారు, ఎవరు పట్టుకోవాలి

డీఎస్సీ కొట్టి వచ్చిన ఉద్యోగాన్ని ఎవరూ వదులుకోరు. కొత్త టీచర్లు మానేసి పోతున్నారన్న గోల ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటుంది గానీ మనకెందుకు అనిపిస్తుంది. కానీ నెల్లూరు వైపు సీతారామపురం మండలంలోనో, ప్రకాశం వైపు పుల్లలచెరువు మండలంలోనో ఒక చిన్న మండల పరిషత్ ప్రాథమిక బడికి వెళ్లి పాత హాజరు రిజిస్టర్లు తిరగేయండి. టీచర్ల పేర్లు ఎన్నిసార్లు మారాయో కనబడుతుంది. ఉద్యోగం నిలిచే ఉంది, ఆ బడిలో మనిషి నిలవలేదు.

మన దగ్గర టీచరు పోవడం మూడు రకాలుగా జరుగుతుంది. ఒకటి, బదిలీ మీదో డిప్యుటేషన్ మీదో ఊరు దాటిపోవడం. రెండు, పేరు ఇక్కడే ఉన్నా కాపురం ఒంగోలులోనో నెల్లూరులోనో పెట్టి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తూ, నాలుగు కొట్టగానే కళ్లు బస్సు వైపు తిరగడం. మూడోది లెక్కల్లోకి ఎక్కదు. మనిషి రోజూ వస్తారు, పాఠం చదివిస్తారు, ప్రశ్న జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటారు, అంతే. మొదటి రెండేళ్లలో ఈ మూడో దారి పట్టిన టీచరు తర్వాత ముప్పై ఏళ్లూ అలాగే నడిచే ప్రమాదం ఉంది. అందుకే ఈ మొదటి రెండేళ్ల మీద పెట్టే శ్రద్ధకు అంత విలువ.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పెద్ద నియామకం 2025లోనే జరిగింది. మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటించారు. సెప్టెంబరు 25న 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. శిక్షణ ముగించుకొని వాళ్లు అక్టోబరులో బడుల్లో అడుగుపెట్టారు. ఈ బ్యాచి గురించి రెండు సంగతులు పట్టించుకోవాలి.

మొదటిది వయసు. గరిష్ఠ వయోపరిమితి 44 ఏళ్లు కాబట్టి కొత్త టీచరు అంటే ఇరవై మూడేళ్ల కుర్రాడే అనుకోకూడదు. పదిహేనేళ్లు ప్రైవేటు బడిలో పాఠం చెప్పి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు సబ్జెక్టు కొట్టినపిండి. ఫీజు కట్టి, ఇంట్లో ట్యూషన్ పెట్టించుకున్న పిల్లలకు చెప్పడం వాళ్లకు బాగా వచ్చు. ఆరో తరగతికి వచ్చి కూడా 'పలక' చదివి 'పుస్తకం' దగ్గర ఆగిపోయే పిల్లవాడికి చెప్పడం మాత్రం వాళ్లకూ కొత్తే. "మీకు అనుభవం ఉందిగా" అని అందరూ తప్పుకుంటే ముందు తడబడేది వీళ్లే. అడగడానికి వాళ్లకు మొహమాటం కూడా.

రెండోది, చేరిన నెల. అక్టోబరు నాటికి సిలబస్ సగానికి దగ్గరవుతుంది, మొదటి ఫార్మెటివ్ (చిన్న) పరీక్ష అయిపోయి ఉంటుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాకు తుపాన్ల కాలం, ఎన్ని రోజులు సెలవులు పోతాయో చెప్పలేం. పిల్లల పేర్లు నోటికి రాకముందే సమ్మెటివ్ (పెద్ద పరీక్ష) పేపర్లు దిద్దాల్సి వస్తుంది.

పాయింట్ల లెక్క, మిగిలిన బడి

కొత్తవాళ్లకు దూరపు బడులే ఎందుకు దక్కుతాయో తెలియాలంటే బదిలీల వరస చూడాలి. ముందు పాతవాళ్ల బదిలీలు జరుగుతాయి, వాళ్లు వదిలేసిన ఖాళీల్లో కొత్త నియామకాలు పడతాయి. 2025లో కూడా వేసవిలో బదిలీలు పూర్తయ్యాకే కొత్తవాళ్లకు కౌన్సెలింగ్ జరిగింది. బదిలీలో బడిని ముందు ఎవరు ఎంచుకోవాలో పాయింట్లు తేలుస్తాయి. పట్నానికి దగ్గరగా ఉన్న కేటగిరీ-1 బడిలో ఏడాది పనిచేస్తే ఒక పాయింటు, రోడ్డు సరిగా లేని కేటగిరీ-4 బడిలో చేస్తే ఐదు. దూరంలో ఉన్నవాళ్లకు న్యాయం చేయడానికి పెట్టిన లెక్కే ఇది. కాకపోతే దానికో పక్క ఫలితం ఉంది. దూరపు బడి పాయింట్లు పోగుచేసుకునే మజిలీగా మారుతుంది. అక్కడి నుంచి కదలడానికి అర్హత అక్కడ ఉండటం వల్లే వస్తుంది. ఇందులో టీచరును తప్పు పట్టడానికి ఏమీ లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఆ వేసవి బదిలీల్లో సీనియర్లు కూడా ఊళ్లు మారారు. కొత్త టీచరు అక్టోబరులో చేరేసరికి పక్క గదిలోని సీనియరు ఆ ఊరికి వచ్చి నాలుగు నెలలు. ఏ వీధి పిల్లలు ఏ నెలలో బడికి రారో ఆయనకూ తెలియదు. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో ఇది చాలా పెద్ద విషయం. జనవరి దాటితే యర్రగొండపాలెం, దోర్నాల వైపు నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వెళతాయి, పిల్లల్నీ తీసుకుపోతాయి. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపైతే అదే కాలంలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పని. సంక్రాంతి తర్వాత తరగతి ఒక్కసారిగా పలచబడితే, తన పాఠం నచ్చకే పిల్లలు రావడం లేదేమోనని కొత్త టీచరు లోలోపల కుమిలిపోతారు. డిసెంబరులోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఆ పిల్లల జాబితా రాసుకుని, వలస వెళ్లేవాళ్ల పిల్లలకు పెట్టే సీజనల్ హాస్టల్ కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడిగి ఉండేవారు. ఇలాంటివి తెలిసినవాళ్లు బడిలో ఇంకా ఉంటారు: వంట చేసే అక్క, ఆయా, స్కూలు కమిటీ చైర్మన్. చేరిన మొదటి వారంలో ఒక గంట వీళ్లతో కూర్చోబెట్టడం హెచ్.ఎం. చేయగల మొదటి సాయం.

"ఫోను బాగా తెలుసు కదా, చూసుకో"

కొత్త టీచరు మీద పడే మొదటి బరువు పాఠం కాదు, యాప్. లీప్ యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్లు, మరుగుదొడ్ల ఫొటోలు, యూడైస్‌లో బడి వివరాలు, పిల్లల అపార్ ఐడీలు, ఆధార్ సవరణలు. "కుర్రోడివి, నీకు ఫోను బాగా తెలుసు" అని ఒకరు మెచ్చుకోలుగా అంటారు. కాదనడానికి కొత్తవాళ్లకు నోరు రాదు. నెల తిరిగేసరికి బడి ఆన్‌లైన్ పని అంతా ఒకే మనిషి నెత్తిన ఉంటుంది. ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర దాకా, అంటే పిల్లల బుర్ర చురుగ్గా ఉండే వేళలో, టీచరు సిగ్నల్ కోసం వరండా చివర నిలబడి ఉంటారు.

విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే చదువేతర పనులకు టీచర్లను పంపకూడదంటుంది. యాప్‌లు ఆ సెక్షన్ కిందికి రావు, అవి బడి పనే అంటారు. కాబట్టి దీనికి మందు బడిలోనే వెతకాలి. మొదటి మూడు నెలలు కొత్తవాళ్లకు తమ తరగతి హాజరు తప్ప వేరే ఆన్‌లైన్ బాధ్యత ఇవ్వకూడదు. నాలుగో నెల నుంచి ఏదో ఒక్కటే, అదీ రాతపూర్వకంగా, ఎవరు ఏది చూస్తారో స్టాఫ్ రూములో కాగితం అంటించి. ఆ కాగితం లేకపోతే పని ఎప్పుడూ కాదనలేని మనిషి దగ్గరికే జారుతుంది.

హైస్కూల్లో రెండో బరువు టైంటేబుల్. పదో తరగతి ఫలితాల భయంతో సీనియర్లను పదికి, తొమ్మిదికి వేస్తారు, కొత్తవాళ్లకు ఆరు, ఏడు ఇస్తారు. చిన్న తరగతులు సులువని అందరికీ ఓ నమ్మకం. నిజానికి చదవడం రాని పిల్లలు, ఐదారు చిన్న బడుల నుంచి వచ్చి ఒకరికొకరు కొత్తగా ఉన్న పిల్లలు ఉండేది ఆరులోనే. మన బడుల్లో కష్టమైన తరగతి అదే. దాన్ని బడికి వచ్చి వారం కాని మనిషి చేతిలో పెట్టి, లీజర్ పిరియడ్లలో సెలవు పెట్టినవాళ్ల క్లాసులకు కూడా ఆయన్నే పంపిస్తారు.

ఇంగ్లండులో 2021 సెప్టెంబరు నుంచి కొత్త టీచరుకు రెండేళ్ల తోడ్పాటు పథకం నడుస్తోంది. మొదటి ఏడాది టైంటేబుల్లో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గించాలి. ఆ సమయాన్ని నేర్చుకోవడానికే వాడాలి. మన లెక్కలో వారానికి 48 పిరియడ్లలో ఒకరికి 34 ఉంటే, పది శాతం అంటే దాదాపు మూడున్నర పిరియడ్లు. అంత ఇవ్వలేమంటే రెండు ఇవ్వండి. కానీ ఆ రెండింటినీ టైంటేబుల్లో పేరు పెట్టి గీయాలి, సర్దుబాటుకు వాడకూడదని ఎర్ర సిరాతో రాయాలి. ఇందుకు ఏ జీవో అక్కర్లేదు, టైంటేబుల్ హెచ్.ఎం. చేతిలోనే ఉంటుంది.

గదిలో జరిగేది

ఇద్దరు టీచర్ల ప్రాథమిక బడి, ముప్పై నాలుగు మంది పిలకాయలు, ఐదు తరగతులు. పెద్ద టీచరు మండల కేంద్రంలో మీటింగుకు వెళితే ఆ రోజు ఐదు తరగతులూ ఎస్జీటీవే (సెకండరీ గ్రేడ్ టీచరువే). డీఎడ్‌లో నేర్చుకున్న పాఠ్య ప్రణాళిక ఒక తరగతికి ఒక పాఠం చొప్పున రాసింది. ఇక్కడ దాన్ని అలాగే వాడితే పదిహేను నిమిషాల్లో గది సంత అవుతుంది.

ముందు చేయాల్సింది కొలత. ఒక్కో పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ వరసగా చదివించి ఎక్కడ ఆగాడో రాసుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు, ముప్పై నాలుగు మందికి నూటరెండు నిమిషాలు. రెండు మధ్యాహ్నాల పని. అప్పుడు తరగతి గీతలు చెరిగి రెండు గుంపులు తేలతాయి: గుణింతాల దగ్గర ఉన్నవాళ్లు, ఒత్తులు దాటినవాళ్లు. నలభై నిమిషాల పిరియడ్లో మొదటి ఐదు నిమిషాలు రెండు గుంపులకూ పని చెప్పడానికి, పదిహేను ఒక గుంపుతో, పదిహేను రెండో గుంపుతో, చివరి ఐదు చూసుకోవడానికి.

ఇది ఎక్కడ చెడుతుందంటే, తానుగా పని చేసుకోవాల్సిన గుంపుకు ఇచ్చిన పని ఏడు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా ఎనిమిది నిమిషాలు అల్లరే. అందుకే పని రెండు ముక్కలుగా ఇవ్వాలి: అందరూ చేయాల్సింది ఒకటి, అయిపోయినవాళ్లకు ఇంకొకటి, రెండూ బోర్డు మీద ముందే రాసి ఉంచాలి. సరిచూసుకోవడానికి జవాబులు అట్ట వెనకాల ఉండాలి. లేదంటే ప్రతి ఒక్కరూ పలక పట్టుకొని "టీచర్, చూడండి టీచర్" అని మీద పడతారు. తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలున్నచోట ఒకటో తరగతిలో మొదటి నెల రాతకంటే మాటకు ఎక్కువ సమయం పెట్టాలి. తెలుగు మాట చెవిన పడకముందే తెలుగు అక్షరం దిద్దిస్తే ఆ పిల్ల బొమ్మ గీసినట్టు గీస్తుంది.

హైస్కూల్లో కొత్త స్కూల్ అసిస్టెంటుకు, అంటే సబ్జెక్టు టీచరుకు, పెద్ద మాయ "అర్థమైంది సార్" అనే కోరస్. ముందు బెంచీలో నలుగురు గట్టిగా అంటారు, మిగిలినవాళ్లు గొంతు కలుపుతారు. టీచరు సంతృప్తిగా తర్వాతి పాఠానికి వెళతారు, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గుండె జారుతుంది. పిరియడ్ చివర నాలుగు నిమిషాలు మిగిల్చి, ఒకే ప్రశ్నకు చీటీ మీద జవాబు రాయించుకుంటే ఆ రోజే తెలిసిపోతుంది. చీటీలకు మార్కులు వేయక్కర్లేదు. వచ్చినవి, రానివి రెండు కుప్పలు చేస్తే చాలు, రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో కుప్పల ఎత్తే చెబుతుంది.

నోట్సులు దిద్దడం ఇంకో ఊబి. మూడు సెక్షన్లు, సెక్షన్‌కు నలభై మంది, నూట ఇరవై పుస్తకాలు. పుస్తకానికి రెండు నిమిషాలన్నా నాలుగు గంటలు. ఆదివారం అంతా పోతుంది, సోమవారం చిరాకుతో బడికి వస్తారు. రోజుకు పన్నెండు చొప్పున పది పనిదినాల్లో ఒక చుట్టు తిరగొచ్చు. ఈ సంగతి హెచ్.ఎం.కు ముందే చెప్పి ఒప్పించాలి. తనిఖీకి వచ్చినవాళ్లు దిద్దని పుస్తకం ఒకటి పైకెత్తి చూపితే కొత్తవాళ్లు బిక్కచచ్చిపోకుండా ఆయన మాట సాయం చేయగలగాలి.

క్రమశిక్షణ సంగతి ఒక్కటే మాట. మొదటి నెల స్నేహంగా ఉండి, మూడో నెలలో బెత్తం పట్టడం చాలామంది చేసే పొరపాటు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం నిషిద్ధం, అది సరే. అంతకుముందే, తరగతిలోకి ఎలా రావాలి, నీళ్లకు ఎప్పుడు వెళ్లాలి, నోట్సులు ఎక్కడ పెట్టాలి అనే చిన్న పద్ధతులు మొదటి వారంలోనే అలవాటు చేస్తే బెత్తం అవసరం చాలామటుకు రాదు.

తోడు ఉండే సీనియరు

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి మెంటరింగ్ (అనుభవం ఉన్నవాళ్లు తోడుండి నేర్పడం) కోసం ఒక జాతీయ మిషన్‌నే పెట్టింది. 2020 విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంది. అయితే ఆ గంటలు చాలావరకు ఆన్‌లైన్ కోర్సులు నొక్కుకుంటూ పోవడంలో గడిచిపోతాయి. కొత్త టీచరుకు కావలసింది తన గది తెలిసిన మనిషి.

ఆ మనిషి హెచ్.ఎం. కాకూడదు. రెండేళ్ల ప్రొబేషన్ మీద రిపోర్టు రాసే మనిషి ముందు "నాకు ఎనిమిదో తరగతి అదుపులో ఉండటం లేదు" అని ఎవరూ చెప్పుకోరు. సబ్జెక్టు ఒకటే కావాలనే పట్టింపు మొదటి ఆరు నెలలు వద్దు. పక్క గదిలో ఉండే తెలుగు పండితుడు లెక్కల టీచరుకు తరగతి నడపడం నేర్పగలడు. ముప్పై కిలోమీటర్ల అవతలి లెక్కల సారు ఫోనులో అది నేర్పలేరు.

వరస ముఖ్యం. మొదటి నెలలో కొత్త టీచరే వెళ్లి సీనియరు క్లాసులో వెనక కూర్చుని చూడాలి, వారానికి ఒకసారి. రెండో నెల నుంచి సీనియరు వచ్చి పదిహేను రోజులకోసారి ఇరవై నిమిషాలు చూడాలి. ఆ సాయంత్రమే మాట్లాడుకోవాలి. రేపు అన్నారంటే ఇక ఉండదు. మాట్లాడేటప్పుడు ఒక్క విషయమే, అదీ మార్చుకోగలిగినది. "గొంతు పెంచండి, బోర్డు సరిగా వాడండి, వెనక బెంచీ చూడండి, లెసన్ ప్లాన్ రాయండి" అని నాలుగు చెబితే నాలుగూ పోతాయి. "ప్రశ్న అడిగాక ఐదు లెక్కపెట్టే దాకా ఎవర్నీ పిలవకండి" అని చెప్పి, తర్వాతసారి అదొక్కటే చూడాలి. చూసినది విజిటర్స్ బుక్కులోకి ఎక్కకూడదు. ఒక్కసారి ఎక్కిందంటే మరుసటిసారి కనబడేది ముందే రిహార్సల్ చేయించిన పాఠం.

ఇద్దరే ఉన్న బడిలో, ఒక్కరే ఉన్న బడిలో ఇది కుదరదు. అక్కడ క్లస్టరును, అంటే చుట్టుపక్కల బడుల గుంపును, వాడుకోవాలి. ఆ బడుల టీచర్లకు నెలనెలా జరిగే కాంప్లెక్స్ సమావేశంలో చివరి అరగంట కొత్తవాళ్లకే కేటాయించి, ఆ క్లస్టరులో గట్టి చేయి ఉన్న ఒక ఎస్జీటీని వాళ్లతో కూర్చోబెట్టొచ్చు. నెలకు ఒక పూట సీఆర్ఎంటీ (క్లస్టరు బడులు తిరిగే టీచరు) వచ్చి కొత్త టీచరు బడి చూసుకుంటే, కొత్త టీచరు ఆ పూట సీనియరు బడికి వెళ్లి చూసి రావచ్చు. నెల్లూరు జిల్లాకు పల్లిపాడులో, ప్రకాశానికి మైనంపాడులో డైట్ (టీచర్ల శిక్షణ) కళాశాలలున్నాయి. వాటి లెక్చరర్లు ఛాత్రోపాధ్యాయుల ప్రాక్టీసు చూడటానికి బడులకు వెళతారు. ఆ దారిలోని కొత్త టీచరు గదిలో ఒక అరగంట కూర్చోవడం పెద్ద భారం కాదు.

మెంటరింగ్ చచ్చిపోయేది రెండు చోట్ల. సీనియరుకు ఈ పని అదనపు మొక్కుబడిగా అంటగట్టి, ఆయన పిరియడ్లు ఏమీ తగ్గించకపోవడం ఒకటి. రెండోది, మాటలన్నీ రిజిస్టర్లు ఎలా నింపాలనే దాని మీదే తిరగడం. రెండోది కొత్తవాళ్లకు కూడా హాయిగానే ఉంటుంది, అందుకే తొందరగా ఎవరూ పట్టుకోరు.

జీతం, కాగితం, గది అద్దె

ఎస్జీటీ మూలవేతనం 32,670 రూపాయలు, స్కూల్ అసిస్టెంటుది 44,570. బయటికి బాగానే ఉంది. కానీ మొదటి జీతం చేతికి రావాలంటే ట్రెజరీ ఐడీ, జీతాల బిల్లులు నడిచే సీఎఫ్ఎంఎస్ ఐడీ, పింఛను ఖాతాకు ప్రాన్ నంబరు, తెరిచిన సర్వీసు రిజిస్టరు, సర్టిఫికెట్ల పరిశీలన అన్నీ ఒక దారిలో పడాలి. ప్రాథమిక బడికి బిల్లు పెట్టేది ఎంఈఓ, హైస్కూలుకు హెచ్.ఎం. ఒక్క ఆధార్ పేరుకూ పదో తరగతి సర్టిఫికెట్ పేరుకూ ఇంటిపేరు తేడా ఉంటే చాలు, అన్నీ ఆగుతాయి. ఈ లోపల అద్దె అడ్వాన్సు, బండికి పెట్రోలు అప్పు మీదే నడుస్తాయి. చేరిన రోజే ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయా అని ఆఫీసులో ఒకరు కూర్చుని చూస్తే వారాలు కలిసొస్తాయి.

కొత్తగా పెళ్లయిన టీచర్లను ఇంకో భయం పీడిస్తుంది, ప్రసూతి సెలవు పెడితే ప్రొబేషన్ పోతుందేమోనని. పోదు. మూడేళ్ల లోపు రెండేళ్ల డ్యూటీ పూర్తి కావాలన్నదే నియమం. సెలవు మేరకు పూర్తయ్యే తేదీ వెనకబడుతుంది, అంతే. ఈ మాట ఎవరూ చెప్పక ఎనిమిదో నెల దాకా బస్సుల్లో తిరిగేవాళ్లు ఉంటారు.

నెల్లూరు నుంచి ఉదయగిరికి దాదాపు వంద కిలోమీటర్లు, ఒంగోలు నుంచి మార్కాపురానికీ దాదాపు అంతే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కావడంతో టీచరమ్మలకు డబ్బు మిగిలింది. గంటలు మాత్రం మిగలలేదు. రోజుకు ఐదు గంటలు బస్సులో గడిపే మనిషి ఎంత మంచి టీచరైనా రేపటి పాఠానికి సిద్ధమయ్యే ఓపిక ఉండదు. మండల కేంద్రంలో ఇద్దరు ముగ్గురు టీచరమ్మలు కలిసి ఉండగల భద్రమైన ఇల్లు చూపించడం స్కూలు కమిటీ చేతిలో పని. తమ ఊళ్లోనే కాపురం పెట్టాలని పట్టుబట్టకుండా, పది పదిహేను కిలోమీటర్లలో ఉంటే చాలనుకోవాలి.

ప్రైవేటు బడుల కథ వేరు. అక్కడ టీచర్లు నిజంగానే మానేస్తారు. డీఎస్సీ మాట వినబడగానే ఏడాది మధ్యలో అవనిగడ్డకో నెల్లూరుకో కోచింగుకు బయల్దేరతారు. వేసవి జీతం ఇవ్వకపోవడం, ఏప్రిల్లో ఇంటింటికీ పంపి అడ్మిషన్లు తెమ్మనడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం వంటి వాటితో మనిషిని పట్టి ఉంచాలని చూసే యాజమాన్యాలున్నాయి. సర్టిఫికెట్ పెట్టెలో ఉంచుకుంటే మనిషి ఉంటాడేమో గానీ మనసు ఉండదు. పన్నెండు నెలల జీతం ఇచ్చి, పరీక్షల తర్వాత చదువుకోవడానికి సెలవు ఇస్తామని ముందే రాసిచ్చిన బడికి మాత్రం కనీసం ఏడాది మధ్యలో క్లాసు ఖాళీ అయ్యే బెడద తగ్గుతుంది.

రెండో జూన్

మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కిన టీచరుకు జూన్ 12న బడి తెరవగానే కొత్త తరగతులు అంటగడతారు, "అన్నీ తెలియాలి కదా" అని. ఇది ఆపాలి. రెండో ఏడాది అవే తరగతులు, వీలైతే అదే గది ఇవ్వాలి. నిరుడు చెడిపోయిన పాఠం ఎక్కడ చెడిందో ఆ టీచరుకే తెలుసు, దాన్ని సరిచేసి చెప్పే అవకాశం ఇప్పుడే. నిరుడు రాసిన ప్రణాళికలు, చీటీ ప్రశ్నలు, అట్టలు మళ్లీ పనికొస్తాయి, తయారీకి పట్టే సమయం బాగా తగ్గుతుంది. దీనికోసం ఏప్రిల్ 23న బడి మూసేలోపే హెచ్.ఎం. టైంటేబుల్ ముసాయిదా చూపించి, ఏ తరగతి ఉంచుకుంటారు, ఏది మార్చమంటారు అని కొత్త టీచరును అడగాలి. అక్టోబరులో చేరినవాళ్లకైతే ఇది ఇంకా అవసరం. వాళ్లు ఆ పుస్తకంలో మొదటి సగం ఇంతవరకు చెప్పనేలేదు.